అంగన్‌వాడీ అన్నం ఏ నీళ్లతో వండాలి?

సంపాదకులకు నమస్కారం.

కనిగిరి వైపు ఒక పల్లెలో 18 ఏళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేస్తున్నాను. బోరు నీళ్లలో ఉండి పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ మీద వార్త వచ్చినప్పుడల్లా తాగే నీళ్ల గురించే రాస్తారు. వంట నీళ్ల మాట ఎవరూ ఎత్తడం లేదు.

మా ఊళ్లో తాగడానికి దాదాపు అందరం 20 లీటర్ల క్యాను కొంటాం. దాంతో ఇక భయం లేదని ధీమా. కానీ ఎసరు పెట్టేది, పప్పు ఉడికించేది బోరు నీళ్లతోనే. నీరు ఆవిరైపోతుంది కానీ ఫ్లోరైడ్ పోదు, అన్నంలోనే ఉండిపోతుంది. విరేచనాలప్పుడు "కాచి చల్లార్చి తాగించండమ్మా" అని తల్లులకు నేనే చెబుతుంటాను. అది క్రిములకు పనిచేస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లు మరిగి సగమైతే మాత్రం మిగిలిన నీళ్లలో లీటరుకు దాని మోతాదు రెట్టింపవుతుంది.

పోయిన ఏడాది మా కేంద్రం బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాను. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటింది. ఉండాల్సింది 1 లోపు, వేరే దారి లేనప్పుడు కూడా 1.5 మించకూడదు. చూస్తే ఆ నీళ్లు తేటగా ఉంటాయి, వాసనా ఉండదు. క్యాన్ల అబ్బాయి పెన్నులాంటి మీటర్ ముంచి "టీడీఎస్ ఎనభయ్యే మేడం" అని చూపిస్తాడు. అది నీళ్లలోని మొత్తం లవణాల లెక్క. ఫ్లోరైడ్ ఎంతుందో ఆ మీటర్ చెప్పదు.

నా టెన్షనంతా పిల్లల వయసు గురించి. పాలపళ్లు తెల్లగా ఉండటం చూసి తల్లులు "మా వాడికేం లేదు టీచరమ్మా" అంటారు. శాశ్వత పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యేది సరిగ్గా ఈ వయసులోనే. ఫ్లోరైడ్ అప్పుడే తన పని చేసేస్తుంది. ఆరేడేళ్లకు కొత్త పన్ను గోధుమ రంగు చారలతో బయటికి వస్తుంది. అప్పటికి ఆ బిడ్డ నా దగ్గర ఉండడు, బడికి వెళ్లిపోయి ఉంటాడు. నా పళ్లూ అంతే. మా పెళ్లి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నోరు తెరిచి నవ్వలేదు.

ఎముకల సంగతి తెలిసేది ఇంకా ఆలస్యంగా. మా నాన్నకు యాభై దాటేసరికి మెడ బిగుసుకుపోయింది. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. సేద్యం చేసే మనిషి తల ఎత్తి ఆకాశం చూడలేక "మబ్బు పట్టిందా అమ్మా?" అని నన్ను అడిగేవాడు. అలా బిగుసుకున్న ఎముకలను మళ్లీ మామూలుగా చేసే మందు లేదని డాక్టర్లు చెప్పారు.

దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును (ఫ్లోరోసిస్) మొదట గుర్తించింది మా పక్కనే, పొదిలి, దర్శి ప్రాంతాల్లో, 1937లో. అప్పట్లో అది నెల్లూరు జిల్లా. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను ఎసట్లో ఏ నీళ్లు పోయాలా అని ఆలోచించాల్సి వస్తోంది.

పిల్లల ఎముకలు గట్టిపడాలని కేంద్రంలో గుడ్డు, పాలు ఇస్తున్నాం. అదే పూట ఈ నీళ్లతో వండిన అన్నం పెడుతున్నాం. వంటకూ క్యాను నీళ్లు ఇప్పించమంటే "తాగడానికి ఇస్తున్నాం కదమ్మా" అన్నారు ఒక అధికారి. దానికి పద్దు లేదట. కుళాయి నీళ్లు వచ్చిన రోజు డ్రమ్ములో పట్టుకుంటాం, అయిపోతే మళ్లీ బోరే. కొన్నాళ్లు నా డబ్బుతో రోజుకు 2 క్యాన్లు తెప్పించాను. జీతం ఆలస్యమైన నెలలో ఆపేయాల్సి వచ్చింది. ఆ నెలంతా అన్నం వడ్డించడానికి చెయ్యి రాలేదు.

అంగన్‌వాడీలకు, బడి వంటలకు వంట నీళ్ల పద్దు పెట్టమని అడుగుతున్నాను. మా కేంద్రానికి రోజుకు 2 క్యాన్లు చాలు. అలాగే ప్రతి బోరు మీద ఫ్లోరైడ్ ఎంతుందో, ఏ తేదీన పరీక్ష చేశారో పెయింటుతో రాయించండి. ఎక్కువ ఉన్న బోరు నీళ్లను బట్టలకు, గిన్నెలకు వాడుకుంటాం. చదువురాని అవ్వలకు కూడా తెలిసేలా అలాంటి బోర్లకు ఎర్ర రంగు వేయించండి.

— ఒక అంగన్‌వాడీ టీచర్, కనిగిరి ప్రాంతం