రగ్బీ లీగ్‌కి బెట్టింగ్ డబ్బు లేకుండా గడవదా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2025 అక్టోబరు 5న సిడ్నీలో ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ పోటీ ఎన్‌ఆర్‌ఎల్ ఫైనల్ జరిగింది. మన తెలుగు పత్రికల్లో ఆ వార్తకు చోటు దొరకదు. ఆసియా కప్ ముగిసిన వారంలో దొరుకుతుందని నేనూ ఆశించలేదు. కానీ పిల్లల్ని ఆస్ట్రేలియాకి చదువుకి పంపిన ఇళ్లు ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నాయి. ఆ పిల్లలు దిగే సిడ్నీ, బ్రిస్బేన్ నగరాల్లో మార్చి నుంచి అక్టోబరు దాకా ఎక్కడ చూసినా ఈ ఆట గురించే కబుర్లు. ఆ ఆటతో పాటు వాళ్ల ఫోన్లలోకి ఏమొస్తోందో తల్లిదండ్రులకి తెలియాలని ఈ ఉత్తరం.

ఆట మీద నాకు ఏ కోపమూ లేదు. జట్టుకి పదమూడు మంది. బంతి చేతికొచ్చాక ఆరుసార్లు పట్టుబడేలోగా ఏదో ఒకటి చేయాలి. గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు. చూడటం మొదలుపెడితే వదలబుద్ధి కాదు. 2025 సీజన్ అయితే మరీనూ. 2021 నుంచి వరసగా నాలుగు కప్పులు కొట్టిన పెన్రిత్ సీజన్ మధ్యలో పట్టికలో అట్టడుగుకి పోయి, అక్కడి నుంచి లేచి సెమీస్ దాకా వచ్చింది. పట్టికలో మొదటి స్థానంలో నిలిచిన కాన్‌బెర్రా ఫైనల్ మొహమే చూడలేదు. ఫైనల్లో విరామానికి మెల్‌బోర్న్ 22–12తో ముందుంది. తర్వాత ఆ జట్టు ఒక్క పాయింటు కూడా చేయలేకపోయింది. 26–22తో బ్రిస్బేన్ గెలిచింది, 2006 తర్వాత మళ్లీ ఇప్పుడు. బ్రిస్బేన్ ఆటగాడు రీస్ వాల్ష్ ఆట చూసినవాళ్లు కొన్నేళ్లు దాని గురించే చెప్పుకుంటారు. అదే రోజు మహిళల కప్పు కూడా బ్రిస్బేన్‌దే.

ఫైనల్‌కి ముందు వారం మేముండే వెంట్‌వర్త్‌విల్‌లో ఒకరింట్లో పూజకి వెళ్లాం. భోజనాల దగ్గర పదకొండేళ్ల తెలుగు పిల్లాడు నా పక్కన కూర్చుని, "బ్రాంకోస్‌కి రెండు డాలర్ల పైనే ఇస్తున్నారు అంకుల్" అన్నాడు. బ్రాంకోస్ అంటే బ్రిస్బేన్ జట్టే; దాని మీద డాలర్ పెడితే రెండు పైచిలుకు తిరిగొస్తుందని అర్థం. వాళ్ల నాన్న బెట్టింగ్ ఆడే మనిషి కాదు. మరి ఎక్కడ నేర్చుకున్నావురా అంటే, "మ్యాచ్‌లో చూపిస్తారు కదా" అన్నాడు.

పిల్లలకి చూపించకూడదనే నిబంధన ఉంది. 2018 నుంచి ఉదయం అయిదు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆటల ప్రత్యక్ష ప్రసారంలో బెట్టింగ్ ప్రకటనలు వేయకూడదు. వినడానికి బాగానే ఉంది. కానీ శుక్రవారం పెద్ద మ్యాచ్ మొదలయ్యేది రాత్రి ఎనిమిదికి. ఒక్కో సగం నలభై నిమిషాలు. అంటే విరామం వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటే ఉంటుంది. మర్నాడు బడి లేని రాత్రి పిల్లలు పడుకుంటారా? ప్రకటన చివర "మీరు ఓడిపోయే అవకాశమే ఎక్కువ" అన్న లాంటి హెచ్చరిక ఒకటి తప్పనిసరి చేశారు. ముందున్న అరనిమిషం హంగామా తర్వాత దాన్ని ఎవరు వింటారు?

ఇది ఏదో పక్కనుంచి వచ్చి అంటుకున్న వ్యాపారం అయితే ఇంత బాధ ఉండేది కాదు. లీగ్ మ్యాచ్‌ల మీద కాసే పందేల నుంచి లీగ్‌కే వాటా వెళుతుంది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో చాలా జట్లకి వెనక ఉండి డబ్బు పెట్టేది లీగ్స్ క్లబ్బులు, ఆ క్లబ్బుల రాబడిలో పెద్ద వంతు జూదం మెషిన్లది. ఈ ఒక్క రాష్ట్రంలో అలాంటి మెషిన్లు ఎనభై వేలకు పైనే. మనవాళ్లు పుట్టినరోజు ఫంక్షన్లకి హాలు తీసుకునేది కూడా ఆ క్లబ్బుల్లోనే. కేకు కోసే చోటికీ మెషిన్ల గదికీ మధ్య ఒక్క తలుపు. ఆటని నడిపే రగ్బీ లీగ్ కమిషన్ చైర్మన్ పీటర్ వ్లాండిస్ గారు రాష్ట్రంలో గుర్రప్పందేల సంస్థకి కూడా అధిపతి. 2024 నుంచి సీజన్‌ని లాస్ వేగాస్‌లో మొదలుపెడుతున్నది అమెరికా బెట్టింగ్ మార్కెట్‌ని కూడా దృష్టిలో పెట్టుకునే అని ఆయనే దాచకుండా చెప్పారు.

పందెం మనకి కొత్త కాదు. సంక్రాంతికి గోదావరి జిల్లాల బరుల దగ్గర ఏం జరుగుతుందో మీ పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. అయితే ఆ బరి మూడు రోజులకి ఎత్తేస్తారు. ఇక్కడ బరి ఎనిమిది నెలలు జేబులోనే ఉంటుంది.

2023 జూన్‌లో ఆస్ట్రేలియా ఎంపీ పీటా మర్ఫీ అధ్యక్షతన పార్లమెంటరీ కమిటీ 31 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. మూడేళ్లలో దశలవారీగా ఆన్‌లైన్ జూదం ప్రకటనలన్నీ ఆపేయాలని అందులో ఉంది. కమిటీలో అన్ని పక్షాలూ ఒప్పుకున్న మాట అది. అదే ఏడాది డిసెంబరులో ఆమె క్యాన్సర్‌తో పోయారు. నివేదిక మాత్రం 2025 ఫైనల్ నాటికీ అలాగే ఉండిపోయింది. ప్రకటనలు ఆపితే ఊళ్లలో పిల్లల ఆటకి డబ్బుండదని లీగ్ వాదన.

ఈ వాదన నాకు మింగుడుపడదు. 1982 నుంచి 1995 దాకా ఈ పోటీ పేరే విన్‌ఫీల్డ్ కప్; విన్‌ఫీల్డ్ అంటే సిగరెట్ బ్రాండు. 1992లో పొగాకు ప్రకటనల నిషేధ చట్టం వచ్చాక ఆ పేరు పోక తప్పలేదు. అప్పుడూ ఆట మునిగిపోతుందన్నారు. 1963 ఫైనల్ అయ్యాక ఒళ్లంతా బురదతో ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డ గెలిచిన కెప్టెన్ నార్మ్ ప్రొవాన్, ఓడిన కెప్టెన్ ఆర్థర్ సమ్మన్స్ బొమ్మే ఆ కప్పు. మొన్న బ్రిస్బేన్ ఎత్తిన కప్పు మీదా వాళ్లిద్దరే ఉన్నారు. చూడటానికి ఎనభై వేల మంది వచ్చారు.

మన దేశం సంగతి చూడండి. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. క్రికెట్ జట్టు చొక్కా మీద డ్రీమ్ ఎలెవెన్ పేరు రోజుల్లో మాయమైంది, ఆ చోటుకి టైర్ల కంపెనీ వచ్చింది. చట్టం రాగానే దొంగ యాప్‌లు పోయాయని నేననను, తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించినా అవి ఎలా నడిచాయో చూశాం. కానీ స్పాన్సర్ పోతే ఆట పోతుందన్న భయం ఎంత ఉత్తదో మాత్రం తేలిపోయింది.

ఆస్ట్రేలియాలో ఓటున్న తెలుగువారికి ఒక మనవి. గత పార్లమెంటులో ఈ ఫైలు చూసిన కమ్యూనికేషన్ల మంత్రి మిషెల్ రోలాండ్ నియోజకవర్గం గ్రీన్‌వే. స్కోఫీల్డ్స్, ద పాండ్స్ దానిలోవే, మన కుటుంబాలు వీధి వీధినా ఉన్న చోట్లు. ఇప్పుడు ఆ శాఖ అనికా వెల్స్ గారి దగ్గరుంది. దీపావళి సభలకి ఎంపీలు ఎలాగూ వస్తారు. శాలువా కప్పేటప్పుడు మర్ఫీ నివేదిక ఏమైందని అడగండి. వచ్చే సీజన్ మొదలయ్యేదాకా ఆగొద్దు.

మీకు కూడా ఒక మనవి. మీ విదేశీ విద్య పేజీలో వీసా, ఫీజుల వివరాల పక్కన ఈ నాలుగు ముక్కలు వేయండి. పద్దెనిమిది నిండితే అక్కడ బెట్టింగ్ నేరం కాదు. ఆన్‌లైన్ పందేలకి క్రెడిట్ కార్డు 2024 జూన్ నుంచి చెల్లదు గానీ డెబిట్ కార్డు చెల్లుతుంది, అంటే ఇంటి నుంచి పంపిన ఫీజు డబ్బు కూడా చెల్లుతుంది. మానుకోవాలనుకునేవాళ్లు బెట్‌స్టాప్ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరు రాసుకుంటే లైసెన్సున్న ఏ కంపెనీ వాళ్లని ఆడనివ్వకూడదు, మెసేజ్‌లు కూడా పంపకూడదు. ఉచిత సాయానికి ఫోన్ 1800 858 858, రాత్రీ పగలూ తీస్తారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
వెంట్‌వర్త్‌విల్, సిడ్నీ