చిన్న విమానాల జీపీఎస్ గొడవ ఎవరికీ పట్టదా?

అయ్యా,

2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయం దగ్గర విమానాలకు తప్పుడు జీపీఎస్ సిగ్నళ్లు అందినప్పటి నుంచి అందరి నోటా స్పూఫింగ్ మాటే. పెద్ద జెట్లలో ఇనర్షియల్ వ్యవస్థ (విమానం కదలికలను తానే కొలిచి స్థానం లెక్కగట్టేది) ఉంటుంది, ఉపగ్రహం మోసం చేసినా అది దారి చూపుతుంది. నాలుగు సీట్ల సెస్నాలో ఒంటరిగా ఎగిరే ట్రైనీకి ఆ వెసులుబాటు ఎక్కడిది?

విమానాల రేడియో పరికరాలు రిపేరు చేసి రిటైరైనవాణ్ని కనుక చెబుతున్నాను. చిన్న విమానంలో జీపీఎస్ మొరాయిస్తే ముందు కాక్‌పిట్‌లోనే వెతకాలి. ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ ఎంత బలహీనమంటే, సాకెట్లో గుచ్చిన చవక ఫోన్ ఛార్జర్ రొద చాలు దాన్ని ముంచేయడానికి. రేడియో కూడా తక్కువదేం కాదు. 121.175 మెగాహెర్ట్జ్ మీద మైకు బటన్ నొక్కితే దాని 13వ హార్మోనిక్ (13 రెట్ల ఫ్రీక్వెన్సీలో వెలువడే అనవసర సిగ్నల్) సరిగ్గా జీపీఎస్ ఫ్రీక్వెన్సీ పక్కన పడుతుంది. మాట్లాడినంతసేపూ పొజిషన్ మాయం, బటన్ వదలగానే ప్రత్యక్షం! తెలియని కుర్రాడికి టెన్షన్ రాదా మరి?

‘మన దేశపు ఉపగ్రహ సహాయ వ్యవస్థ గగన్ ఉందిగా’ అంటారు. అది జీపీఎస్ కొలతల తేడాలు సరిదిద్దుతుంది, నిజమే. కానీ అదీ అదే ఫ్రీక్వెన్సీలో వస్తుంది, ఛార్జర్ రొదకు అదీ లొంగిపోతుంది. అందుకే ముందు దిక్సూచి, గడియారం, కిటికీలోంచి కనిపించే భీమిలి తీరం చూసుకుని విమానాన్ని దారిలో ఉంచాలి. టవర్‌కు చెప్పాలి. ఆ తర్వాతే ఛార్జర్ పీకి, రెండో రిసీవర్ సంగతి చూడాలి. ఒక్కటే పోతే లోపం దాదాపుగా మన పరికరంలోనే. రెండూ పోతే బయటి జోక్యాన్ని అనుమానించాలి.

మన విశాఖలో ఇది ఇంకా ముఖ్యం. రన్‌వే నేవీది, చుట్టూ కొండలు, పక్కనే సముద్రం. కాస్త పక్కకు జరిగితే రక్షణశాఖ గగనతలంలోకి పోవచ్చు. భోగాపురంతో రద్దీ ఇంకా పెరిగేదే.

జీపీఎస్ జోక్యాన్ని రిపోర్టు చేయాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023లోనే చెప్పింది. ఫ్లయింగ్ స్కూళ్లు ఛార్జర్, యాంటెన్నా లోపాలను కూడా విడిగా నమోదు చేయాలి, అప్పుడే అసలు జామింగ్ (బయటి నుంచి సిగ్నల్‌ను అడ్డుకోవడం) ఎక్కడుందో తేలుతుంది. రేడియో సిగ్నల్‌తో విమానానికి దిక్కు చూపే, నేల మీది వీఓఆర్ వంటి స్టేషన్లను కనీస సంఖ్యలో ఉంచుతామని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. వాటిలో ఉత్తరాంధ్రకు మిగిలేవి ఏవో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ బయటపెట్టాలి.

– ఒక రిటైర్డ్ రేడియో టెక్నీషియన్, సీతమ్మధార, విశాఖపట్నం