బొమ్మ కింద వేసినవాళ్ళ పేరు రాయండి

సంపాదకులకు నమస్కారం.

నేను గుంటూరులో 30 ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నాను. ఈమధ్య మా అమ్మాయి ఒరిజినల్ డిగ్రీ కోసం తనతోపాటు యూనివర్సిటీకి వెళ్ళాను. కౌంటర్ దగ్గర గంటన్నర ఆగాల్సి వచ్చింది. ఆ హాల్లోనూ, మేడమెట్ల పక్క గోడకీ విద్యార్థులు వేసిన బొమ్మలు తగిలించారు. అద్దాల బీరువాలో మన చుట్టుపక్కల కళాకారులు చేసినవి పెట్టారు. చూస్తూ తిరుగుతుంటే టైమే తెలియలేదు.

ఒక వాటర్ కలర్ బొమ్మ దగ్గర మాత్రం కాళ్ళు కదల్లేదు. మిరపకాయల కుప్ప ముందు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ఒకామె ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుంది. కుప్పంతా ఒకే ఎరుపు కాదు. అడుగున ముదురుగా మొదలై, పైకొచ్చేసరికి కాయకాయకీ మెరుపు తేలింది. తాలుకాయల తెలుపుకి అసలు రంగే వేయలేదు, కాగితాన్నే వదిలేశారు. ఆ పని దగ్గర కూర్చుని చూసినవాళ్ళకి తప్ప అలా వేయడం రాదు.

ఎవరు వేశారా అని కింద కుడి మూల చూశాను. మా పనిలో అది అలవాటు. ఫ్రేము కట్టినప్పుడు బీడింగ్ అరంగుళం లోపలికి రావడంతో సంతకం దాని కిందకి పోయింది. ఒక అక్షరం తలకట్టు మాత్రం పైకి కనిపిస్తోంది. అటెండర్ని అడిగితే "స్టూడెంట్సే వేశారండీ, ఎవరో తెలీదు" అన్నాడు. మిగతా బొమ్మలకీ పేర్లు లేవు. గుమ్మం పక్కన నల్ల గ్రానైట్ మీద ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దల పేర్లు ఉన్నాయి. ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. బొమ్మ వేసిన పిల్లలకి అంత రాయి అక్కర్లేదు, అరచేతంత అట్టముక్క చాలు.

బీరువాలోనూ అంతే. అంబారీ ఏనుగు, దశావతారాలు అన్నిటికీ కలిపి "కొండపల్లి బొమ్మలు" అని ఒకటే చీటీ. తెల్ల పొణికి కర్ర ఎండబెట్టి, చెక్కి, చింతగింజల మక్కుతో కాళ్ళూ చేతులూ అతికించి, రంగులు వేసిన మనిషి ఒకరు ఉంటారు కదా!

అమరావతి స్తూపం రాళ్ళ మీద దానం ఇచ్చినవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. పూర్ణఘటం పలక ఇచ్చిన విధికుడు తోలుపని చేసేవాడు. అతని పేరు, తండ్రి పేరు కూడా ఇప్పటికీ చదువుకోగలుగుతున్నాం. ఆ పలక చెక్కిన చేయి ఎవరిదో మాత్రం రాయి మీద లేదు. పేరు రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గర్లో ఉదాహరణ లేదు.

ఫ్లెక్సీలు రాకముందు నాకు పని ఎలా దొరికేదంటే, బోర్డు మూలన ఉన్న సంతకం చూసి పక్క షాపాయన వెతుక్కుంటూ వచ్చేవాడు. ఆ అరంగుళం సంతకమే మా ఇంట్లో అన్నం పెట్టింది. ఆ మిరపకాయల బొమ్మ వేసిన పిల్లకో పిల్లాడికో కూడా అలాగే ఎవరో ఒకరు ఫోన్ చేయాలంటే పేరు కనపడాలి. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు వేరొకరికి రాసిచ్చేసినా సరే, "ఇది నా పని" అని చెప్పుకునే హక్కు చేసినవాళ్ళకే ఉంటుందని మా అమ్మాయి చదివి చెప్పింది.

ప్రతి బొమ్మ కిందా పేరు, ఊరు, ఏ రంగులతో వేశారు, ఏ సంవత్సరం అన్నది రాయించమని మన ప్రాంతంలోని యూనివర్సిటీలన్నిటినీ కోరుతున్నాను. ఫ్రేములు విప్పి సంతకాలు బయటికి తీయండి. పడమటి కిటికీ ఎదురుగా ఉన్న బొమ్మల్ని వేరే గోడకి మార్చండి, ఒకటి అప్పుడే వెలిసిపోతోంది.

చీటీలు రాసే మనిషి లేకపోతే నేను వస్తాను. రంగు, కుంచె నేనే తెచ్చుకుంటాను, డబ్బులు వద్దు. పేర్ల లిస్టు తప్పుల్లేకుండా ఇస్తే చాలు.