గరిటను పక్కన పెట్టేయమనకండి

సంపాదకులకు,

చేపల వలకు బరువుగా కట్టే సీసపు గుళ్లను ఇంట్లోనే పోసుకోవడం గురించి మీరు ప్రచురించిన వ్యాసంలో, మీటతో అడుగు కన్నం నుంచి కరిగిన సీసాన్ని వదిలే విద్యుత్ పాత్ర కొనుక్కుంటే ఇక గరిటతో పనే లేదన్నారు. ఏళ్లుగా సీసం పోస్తున్నవాడిగా ఈ మాట ఒప్పుకోలేను.

అలా అడుగు నుంచి పోయడంలో మేలు ఉంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, తెట్టె పైకి తేలుతుంది, కింది నుంచి వచ్చే ధార శుభ్రంగా ఉంటుంది. చిన్న గుళ్లకు అదే హాయి. కానీ కన్నంలో ఒక్క మలినపు పలుకు ఇరుక్కుంటే మీట వదిలినా బొట్లు కారుతూనే ఉంటాయి. పెద్ద గుండుకైతే సన్నటి ధార చాలదు. అచ్చు నిండేలోపే లోహం గడ్డకట్టి ముడతలు పడుతుంది. గరిటతో ఒకే ఊపున నిండుగా పోయవచ్చు. పైన కాస్త ఎక్కువ నిలిపితే, గుండు చల్లారి కుంచించుకుపోయేటప్పుడు ఆ సీసమే లోపలికి దిగి బోలు పడకుండా కాపాడుతుంది. తెట్టెను పక్కకు నెట్టి ముంచితే సరిపోతుంది.

మీ వ్యాసం అసలు చెప్పనిది తడి సంగతి. గరిటను ముందే వేడి చేసి ఆరబెట్టాలి. తడి గరిట కరిగిన సీసంలో మునిగితే నీరు క్షణంలో ఆవిరై లోహాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు, ధారాళంగా గాలి ఉండాలి. వంటింట్లో ఈ పని వద్దు, ఆ గరిటను మళ్లీ వంటకు వాడనే వద్దు. ఈ జాగ్రత్తలను దయచేసి వచ్చే సంచికలోనే వేయండి.

— ఒక పాఠకుడు