ఫోన్‌లోకి వెళ్లిన యాప్ వెనక్కి రాదు

ఒరేయ్ శ్రీనూ,

యాప్ అయిపోయింది, ఇక ప్లే స్టోర్‌లో పెట్టేయడమే అని రాశావు. ఆ "పెట్టేయడమే" దగ్గర కాస్త ఆగు.

ముందు కీ సంగతి, అంటే యాప్ నీదేనని సంతకం వేసే డిజిటల్ తాళంచెవి. కీటూల్ అనే ప్రోగ్రాంతో కీస్టోర్ (కీ దాచే ఫైలు) చేసేటప్పుడు గడువు 10,000 రోజులు ఇవ్వు. 2033 అక్టోబర్ 22 దాటి చెల్లని కీని ప్లే తీసుకోదు. నీ దగ్గరుండేది యాప్‌ని ప్లేకి పంపేటప్పుడు వాడే అప్‌లోడ్ కీ మాత్రమే. జనం ఫోన్లకి వెళ్లే యాప్ మీద అసలు సంతకం గూగుల్ దగ్గరున్న కీతో పడుతుంది. అప్‌లోడ్ కీ పోతే అడిగి మార్పించుకోవచ్చు. అలాగని కోడ్‌తో పాటు గిట్‌లో (కోడ్ దాచి పంచుకునే చోట) పెట్టేవు, జాగ్రత్త!

ఈ రెండు కీల దగ్గరే ఒక తిరకాసుంది. గూగుల్ లాగిన్ నీ ఫోన్‌లో చక్కగా పనిచేస్తుంది, స్టోర్ నుంచి దింపుకున్నవాడికి మాత్రం ఎర్రర్ వస్తుంది. కోడ్‌లో తప్పేమీ ఉండదు. లాగిన్‌కి వాడే గూగుల్ సేవ ఫైర్‌బేస్‌లో నువ్వు నీ కీ ఎస్‌హెచ్‌ఏ-1 (కీ వేలిముద్ర లాంటి కోడ్) ఒక్కటే ఇచ్చి ఉంటావు. యాప్‌లు పెట్టేవాళ్లు వాడే ప్లే కన్సోల్‌లో, యాప్ సైనింగ్ పేజీలో గూగుల్ కీది ఇంకొకటి కనిపిస్తుంది, అదీ కలుపు. మీ బావకి వాట్సాప్‌లో పంపిన ఏపీకే (యాప్ ఫైలు) మీద స్టోర్ అప్‌డేట్ ఎక్కకపోవడానికీ కారణం ఇదే, సంతకాలు వేరు. పాతది తీసేసి మళ్లీ వేసుకోమను. అందులో దాచుకున్న డేటా పోతుందని కూడా ముందే చెప్పు.

డీబగ్ బిల్డ్ (నువ్వు పరీక్షకి చేసుకునేది) నడిచింది కదా అని ధీమా పడకు. జనానికి పంపే రిలీజ్ బిల్డ్‌లో ఆర్8 అనే, కోడ్‌ని కుదించే పనిముట్టు నడిస్తే, వాడకంలో లేవనుకున్న క్లాసుల్ని కోసేస్తుంది, మిగిలినవాటి పేర్లు మార్చేస్తుంది. జేసన్ (సర్వర్ పంపే డేటా రూపం) చదివే క్లాసులకి, వీటిని ముట్టుకోవద్దని చెప్పే కీప్ రూల్ రాయకపోతే విలువలన్నీ ఖాళీగా వస్తాయి. టెస్టింగ్ ఎప్పుడూ రిలీజ్ బిల్డ్ మీదే.

నీది కొత్త వ్యక్తిగత అకౌంట్ కాబట్టి, క్లోజ్డ్ టెస్టింగ్‌లో (నువ్వు పిలిచినవాళ్లకే ఇచ్చే పరీక్షలో) 12 మంది వరుసగా 14 రోజులు ఉంటేగానీ ప్రొడక్షన్‌కి, అంటే అందరికీ విడుదలకి, దరఖాస్తు పెట్టనివ్వరు.

అసలు భయపడాల్సింది మొదటి రిలీజ్‌కి కాదు, రెండోదానికి. అప్‌డేట్ ఎప్పుడూ ఒకేసారి అందరికీ వదలకు. ముందు 5 శాతం మందికి పెట్టి ఒకటి రెండు రోజులు ప్లే కన్సోల్ వైటల్స్ పేజీలో క్రాష్‌లు చూడు. బాగుంటే 20, తర్వాత 50, ఆ తర్వాతే అందరికీ. తేడా కనిపిస్తే ఆపేయొచ్చు, కానీ అప్పటికే వెళ్లినవాళ్ల దగ్గర అది అలాగే ఉంటుంది. వెర్షన్ కోడ్ (ప్రతి రిలీజ్‌కీ పెరిగే నంబరు) 14 చెడిందనుకో, 13ని మళ్లీ పంపలేవు. పాత కోడ్‌నే 15 అని నంబరేసి పంపాలి. 14లో రూమ్ (ఫోన్‌లో డేటా దాచే లైబ్రరీ) డేటాబేస్ వెర్షన్ 8 నుంచి 9కి పెంచి ఉంటే అదీ కుదరదు. పాత కోడ్ 8నే అడుగుతుంది కాబట్టి, 15 తెరవగానే 9 నుంచి 8కి మైగ్రేషన్ (డేటాని మార్చే దారి) లేదంటూ యాప్ కూలిపోతుంది. డేటాబేస్‌ని 9 దగ్గరే ఉంచి, పైన కోడ్ మాత్రం సరిచేసి పంపు. అందుకే టేబుల్ మార్పునీ కొత్త ఫీచర్‌నీ ఒకే రిలీజ్‌లో కలపకు.

ఇదంతా చాదస్తమనిపిస్తే 2024 జూలై 19 గుర్తు తెచ్చుకో. కంప్యూటర్ భద్రత కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ ఒక్క ఫైలు అందరికీ ఒకేసారి పంపితే దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేశాయి. గంటన్నరలోపే ఫైలు వెనక్కి తీసుకున్నారు, ఏం లాభం? పడిపోయిన మిషన్ల దగ్గరికి చాలాచోట్ల మనుషులే వెళ్లి ఆ ఫైలు తీయాల్సి వచ్చింది.

ఇంకోటి, సర్వర్. ఆటో అప్‌డేట్ మామూలుగా వైఫై ఉండి, ఛార్జింగ్‌లో ఉండి, ఫోన్ ఖాళీగా ఉన్నప్పుడు జరుగుతుంది. మొబైల్ డేటా మీదే బతికే ఫోన్‌లో నీ పాత వెర్షన్ నెలల తరబడి కూర్చుంటుంది. ఏపీఐలో (యాప్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతిలో) కొత్త ఫీల్డు కలుపు, పాతది పీకకు. కనీస వెర్షన్ ఎంతో సర్వర్‌ని అడిగే చిన్న చెక్ మొదటి రిలీజ్‌లోనే పెట్టు. తర్వాత పెడితే, ఏ పాతవాళ్ల కోసం పెట్టావో వాళ్ల దగ్గర అది ఉండదు.

శుక్రవారం సాయంత్రం మాత్రం ఏదీ వదలకు. ఆ 12 మందిలో నా జీమెయిల్ కూడా వేసి లింకు పంపు.

నీ
రవి