తిలోదకాలు అంటే వదిలేయడమేనా?

సంపాదకులకు నమస్కారం.

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, సిరొంచ. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, మరాఠీ మీడియం. బడిలో తెలుగు లేదు కాబట్టి రోజూ పొద్దున మీ పత్రిక ముందు పెట్టి, హెడ్డింగులు గట్టిగా చదివిస్తూ నేనే నేర్పిస్తున్నాను.

పోయిన నెల "నిబంధనలకు తిలోదకాలు" అన్న దగ్గర ఆగింది. "తిలోదకాలంటే ఏంది బాపూ?" అని అడిగింది. తిలలంటే నువ్వులు, ఉదకమంటే నీళ్లు, మొన్న కాళేశ్వరంల నాయినమ్మకు ఇచ్చినం గదా అన్నాను. తర్వాత ఓవర్‌లోడ్ ఇసుక లారీల మీద ఆ వార్తంతా చదివి, "మరి నాయినమ్మను మనం వదిలేసినట్టేనా?" అంది. నాకు నోట మాట రాలేదు.

అది మా అమ్మ సంవత్సరీకం. ఆ నల్ల నువ్వులు అమ్మ తన చేత్తో ఎండబెట్టి డబ్బాలో పోసి పెట్టినవే. ప్రాణహిత, గోదావరి కలిసే చోట నిలబడి, అయ్యగారు చెప్పినట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదిలాను. నీళ్లు పోయాయి గానీ నాలుగు గింజలు అరచేతికి అంటుకుని ఉండిపోయాయి. వాటి కోసం మళ్లీ నీళ్లు పోయించుకున్నాను. పోయినవాళ్ల దాహం తీరాలని ఇచ్చే నీళ్లవి. తెంచుకోవడానికైతే ఏటా తిథి గుర్తుపెట్టుకొని ఎందుకిస్తాం?

ఈ వాడుక ఎట్లా వచ్చిందో తెలియక కాదు. పోయినవాళ్లకు ఇచ్చేది దేనికి ఇస్తే అది మన లెక్కలో పోయినట్టే. మరాఠీలోనూ 'తిలాంజలి దేణే' అని ఇదే అర్థంలో రాస్తారు. ఒకడు మనసు గట్టి చేసుకుని తాగుడుకు తిలోదకాలిచ్చాడంటే ఒప్పుకుంటాను. ఇన్నాళ్లూ తనదనుకున్నదాన్ని సాగనంపాడు. కానీ ఓవర్‌లోడ్ ఇసుకతో లారీ తోలేవాడికి నిబంధనలు ఎన్నడు తనవయ్యాయి, తిలోదకాలివ్వడానికి? మనవాళ్లకే కదా ఇచ్చేది.

తెలుగులో మాటలకు కరువు లేదు. నిబంధనలను గాలికొదిలేశారు అనండి, తుంగలో తొక్కారు అనండి. చేతగాక ఆపేస్తే చేతులెత్తేశారు. ఆశ పోతే నీళ్లొదులుకున్నారు. అప్పిచ్చిన పైసలు ఇక రావని తేలితే మా దగ్గర "వాటికి నీళ్లొదులుకున్నం" అంటారు. అందులో బాధ ఉంది, అది నిజమైన బాధ. దేనికి ఏది నప్పుతుందో మీ డెస్కులో కూర్చునేవాళ్లకు నేను చెప్పేదేముంది. హెడ్డింగులో ఇమిడే చిన్న మాట కావాలని తెలుసు. 'గాలికి నిబంధనలు' అంతకన్నా పెద్దదేం కాదు.

పెత్రమాస, అదే పెద్దలకిచ్చుకునే మహాలయ అమావాస్య, వస్తోంది. ఆ రోజు అమ్మ పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చి, నువ్వుల నీళ్లు వదలాలి. ఆ పొద్దున కూడా మా అమ్మాయి మీ పేపరే చదువుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా