రాణిగంజ్‌లో కలిసిన పెద్దాయనకు

సార్, మీ పేరు అడిగేలోపే మీరు బస్సెక్కేశారు, అందుకే ఇలా రాస్తున్నాను.

మా చెరువు పడవకున్న పాత టూ స్ట్రోక్ మోటారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందని, దానికి కార్బ్యురేటర్ కిట్ కోసం వెతుకుతుంటే, "కిట్ తర్వాత కొందువుగానీ, ముందు స్పార్క్ చూశావా?" అన్నారు. చుట్టుపక్కల పెట్రోల్ ఆవిరి లేకుండా చూసుకుని, ప్లగ్ విప్పి, క్యాప్‌లో ఉంచి, లోహం అంచు ఇంజిన్‌కి ఆనించి తాడు లాగమన్నారు. లాగి చూస్తే స్పార్క్ నీలంగా, గట్టిగా వచ్చింది. అంటే ఇగ్నిషన్ జోలికి పోనక్కర్లేదు.

రెండో ప్రశ్నే అసలైంది: "ఆగిపోయేటప్పుడు పెట్రోల్ పైపు మధ్యలో, చేత్తో పెట్రోల్ తోసే రబ్బరు బల్బు నొక్కితే మళ్లీ అందుకుంటోందా?" అందుకుంటోంది. అంటే ఇంజిన్‌కి పెట్రోల్ సరిగా అందట్లేదన్నమాట. "ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచే ఉంటే, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ చూడు" అన్నారు, అంటే పంపులో కదులుతూ పెట్రోల్‌ని తోసే పలుచటి పొర. విప్పితే గట్టిపడి, అంచున చీలి ఉంది. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోల్ పాత రబ్బరుకి పడదని మీరన్నారు కదా, పైపులు కూడా మార్చేశాను.

ఏ మెకానిక్కూ అడగని ప్రశ్న అది. అందరూ కార్బ్యురేటర్ మీదే పడ్డారు!

మోటారు ఇప్పుడు ఆగకుండా నడుస్తోంది. చాలా థాంక్స్ సార్. ఎప్పుడైనా ఎదురుపడితే ఇరానీ చాయ్ నాది.